పాటలయ్యాకే తాంబూలం

పక్కింటి ఆంటీ పోయారు. ఆ సంగతి అంకుల్ పొద్దున్నే ఫెన్స్ దగ్గరికి వచ్చి చెప్పారు. నిద్రలోనే పోయారట. ఆ మాట చెప్పి, ఆవిడ మా ఇంటి నుంచి తీసుకెళ్ళిన ఇడ్లీ పాత్ర నా చేతికిచ్చారు. కడిగి, తుడిచి తెచ్చారు. పాత్ర అందుకున్నాను.

మెల్‌బోర్న్ శివార్లలో, క్లైడ్ నార్త్‌లో మా రెండిళ్ళకీ మధ్య ఆ చెక్క ఫెన్స్ ఒక్కటే అడ్డం. మేం వచ్చిన కొత్తలో మా అమ్మాయి యూనివర్సిటీ నుంచి రాగానే గరాజ్‌లో డ్రమ్స్ ముందు కూర్చునేది. ఒకరోజు ఆంటీ వచ్చి తలుపు కొట్టారు. గొడవకే వచ్చారనుకుని నేను ముందే సర్దిచెప్పబోయాను. ఆవిడ వినిపించుకోలేదు.

"అది కాదమ్మా, మధ్యమధ్యలో ఆపేస్తోందేంటి? ఆ దెబ్బకే నేను దోశ తిరగేస్తున్నాను. తను ఆపితే ఇక్కడ మాడిపోతున్నాయి. ఆపకుండా వాయించమను."

ఆ తర్వాత శనివారాల్లో బ్యాండ్ పిల్లలంతా మా గరాజ్‌లో చేరితే, ఫెన్స్ మీదుగా దోశలు వచ్చేవి.

వాళ్ళది హార్డ్ రాక్. అందులో మాటలు నాకు సగం అర్థం కావు, ఆంటీకి అసలే కావు. మొదటి ఆల్బమ్‌కి 'బిన్ నైట్' అని పేరు పెట్టుకున్నారు. మా వీధిలో చెత్తడబ్బాలు బయటపెట్టే రాత్రి మీద కట్టిన పాట అందులో మొదటిది. ఆన్‌లైన్‌లో పెడితే పట్టించుకున్నవాళ్ళు లేరు. పబ్‌లో వాయిస్తే మేం తల్లిదండ్రులం, గ్లాసులు తుడిచే అతనూ విన్నాం. ఇక చివరి ప్రయత్నంగా మా దగ్గర్లోని క్రాన్‌బర్న్‌లో చిన్న హాలు తీసుకున్నారు. పాటల మీద సమీక్షలు రాసే ఒకాయన వస్తానన్నాడు. ఆయన ముందు కూడా కుర్చీలు ఖాళీగా ఉంటే డ్రమ్స్ అమ్మేస్తానంది మా అమ్మాయి. అన్నంత పనీ చేసే పిల్ల.

ఆంటీకి చెప్పాను. ఆవిడ లోపలికెళ్ళి కుంకుమభరిణె పట్టుకొచ్చి, కారు తియ్యమన్నారు. ఇల్లిల్లూ తిరిగి బొట్టు పెట్టి పిలిచాం. ఆవిడ ఎక్కడా అబద్ధం చెప్పలేదు. "పక్కింటి పిల్ల పాటలు, మొదటిసారి. తప్పకుండా రావాలి" అన్నారు, అంతే. ఏం పాటలని ఎవరూ అడగలేదు. బొట్టు పెట్టాక అలా అడిగే అలవాటు మనవాళ్ళకి లేదు.

ఆ సాయంత్రం హాలంతా పట్టుచీరలే. కీర్తనలనుకుని వచ్చారు. ఒక కుటుంబమైతే గృహప్రవేశమనుకుని రంగుకాగితం చుట్టిన కుక్కర్ తెచ్చింది. మొదటి పాటకే కుర్చీలు అదిరాయి. ఆడవాళ్ళు కొంగులు చెవులకి అడ్డం పెట్టుకున్నారు. రెండో పాటకి ఒక పెద్దాయన లేచి తలుపు దాకా వెళ్ళారు. అక్కడ బల్ల దగ్గర తాంబూలం సంచులు పేర్చుకుని ఆంటీ కూర్చున్నారు.

"పాటలయ్యాకే తాంబూలమండి" అన్నారు నెమ్మదిగా.

బొట్టు పెట్టించుకుని వచ్చి తాంబూలం తీసుకోకుండా ఎలా వెళ్తారు? ఆయన తిరిగొచ్చి కూర్చున్నారు. ఆయన్ని చూసి మిగతావాళ్ళూ కదల్లేదు. ఆల్బమ్ మొత్తం విన్నారు. చివరికొచ్చేసరికి ఆ పెద్దాయన మోకాలి మీద తాళం వేస్తున్నారు.

చెమటలు కక్కుతూ మా అమ్మాయి ఆంటీ దగ్గరికొచ్చింది. "ఆంటీ, డిడ్ దే లైక్ ఇట్?"

"నచ్చిందో లేదో నాకేం తెలుసే. విన్నారు. మొదటిసారికి అది చాలు."

సమీక్ష వచ్చింది. పాటలు సాగదీసినట్టున్నాయనీ, పాడే కుర్రాడి గొంతు ఇంకా పదునెక్కాలనీ, డ్రమ్స్ మాత్రం గట్టిగా ఉన్నాయనీ రాశాడాయన. హార్డ్ రాక్‌ని ఇంత మర్యాదగా కూర్చుని విన్న జనాన్ని ఎక్కడా చూడలేదని కూడా రాశాడు. తనకిచ్చిన సంచిలో జాకెట్టు గుడ్డ దేనికో తెలియలేదట. అది చదివి వినిపిస్తే ఆంటీ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. మా వాళ్ళ సమీక్షలు వేరు. పిల్లకి చేతులు నొప్పెట్టవా అని అడిగినవాళ్ళే ఎక్కువ. ఒకావిడ తన కోడలి సీమంతానికి వాయిస్తారా అని అడిగింది.

డ్రమ్స్ అమ్మలేదు.

ఆంటీ కర్మకాండలయ్యాక వచ్చిన శనివారం, మా అమ్మాయి గరాజ్ తలుపు పూర్తిగా పైకెత్తి 'బిన్ నైట్' మొదలుపెట్టింది. ఎక్కడా ఆపలేదు. నేను ఫెన్స్ దగ్గర బట్టలు ఆరేస్తున్నాను. అవతల వంటింటి కిటికీలో అంకుల్ అట్లకాడ పట్టుకుని, తల కొంచెం వంచి, దెబ్బ కోసం కాచుకుని నిలబడ్డారు.