కంట్రోల్ గ్రూపులో టైలర్ మాస్టర్

అప్పట్లో అమీర్‌పేటలో జావా నేర్చుకోనివాళ్లు ముగ్గురే ఉండేవారని నా నమ్మకం. నేను, మా హాస్టల్ ఆంటీ, సందు చివర జాకెట్లు కుట్టే టైలర్ మాస్టర్. మిగతా జనమంతా జిరాక్సు కట్టలు చంకలో పెట్టుకుని ఒక ఇన్‌స్టిట్యూట్ మెట్లు దిగి ఇంకోదాని మెట్లెక్కుతూ ఉండేవాళ్లు. నా గదిలో అమ్మాయిలకి నన్ను చూస్తే జాలి. "ఫిజియోథెరపీలో పీజీయా? దాంట్లో అమెరికా ఆన్‌సైట్ ఉంటుందా?" అని ఒకమ్మాయి నిజంగానే అడిగింది. ఉంటుంది, పంజాగుట్టలో, అన్నాను.

మా కాలేజీ పంజాగుట్టలో ఒక ప్రైవేటు ఆసుపత్రి వెనక ఉండేది. రోజూ నడిచే వెళ్లేదాన్ని. బస్సెక్కితే కూడలి దగ్గర ఆగిపోయి, నడిచేవాళ్లు మనల్ని దాటిపోవడం కిటికీలోంచి చూస్తూ కూచోవాలి.

పీజీ అన్నాక థీసిస్ రాయాలి. నా గైడ్, అంటే మా సార్, అంశం ఆయనే ఇచ్చారు. భుజం పట్టేసి చెయ్యి పైకి లేవని జబ్బుని ఫ్రోజన్ షోల్డర్ అంటారు. అలాంటివాళ్లకి ఇంట్లో చేసుకునే వ్యాయామాలు నేర్పితే లాభం ఉంటుందా లేదా అన్నది ప్రశ్న. ఉంటుందని సార్‌కి తెలుసు, నాకూ తెలుసు. తెలిసిన సంగతిని ఏమీ తెలియనట్టు మొహం పెట్టి మళ్లీ కనుక్కోవడమే పరిశోధన అని నాకు అప్పుడే అర్థమైంది.

పద్ధతి సులువు. సగం మందికి ఆసుపత్రిలో వేడి కాపడం మాత్రమే పెట్టాలి. మిగతా సగం మందికి కాపడంతో పాటు వ్యాయామాలు నేర్పాలి. గోడకి దగ్గరగా నిలబడి వేళ్లతో గోడ మీద పైకి పాకించడం, ఎక్కడిదాకా అందితే అక్కడ గీత పెట్టుకుని మర్నాడు దాన్ని దాటడం, తువ్వాలుని వీపు వెనక రెండు చేతులతో లాగడం, ఇలాంటివి. కాపడం వాళ్లని కంట్రోల్ గ్రూపు అంటారు. స్టడీ ముగిశాక వాళ్లకీ వ్యాయామాలు నేర్పుతామని కాగితం మీద రాసుకున్నాం. కానీ ఈలోగా వాళ్లు పెద్దగా బాగుపడకూడదు. ఈ ముక్క ఇంత పచ్చిగా ఏ పుస్తకంలోనూ ఉండదు.

రోగులు దొరకడమే కష్టమైంది. డిపార్ట్‌మెంట్‌కి వచ్చేవాళ్లని సీనియర్లు ముందే పంచేసుకున్నారు. అలాంటప్పుడు హాస్టల్ ఆంటీ నా నెత్తిన పాలు పోసింది. ఆమెది గోదావరి జిల్లా. ఆర్నెల్లుగా ఎడం చెయ్యి లేవక, పోపుల డబ్బా కింద అరలోకి దించుకుని నెట్టుకొస్తోంది. ఒకరోజు జాకెట్టు కొలతలివ్వడానికి వెళ్లి, ఇవ్వకుండానే తిరిగొచ్చింది.

"ఒళ్లొచ్చింది కదా, ఆది జాకెట్టు పనికిరాదు, కొలవాలన్నాడమ్మా. చెయ్యెత్తమంటాడు, నాకు లేవదు. పోనీ నువ్వే ఎత్తి కొలుచుకో నాయనా అంటే ఆయనకీ లేవదంట! ఇద్దరం ఒకళ్ల మొహాలొకళ్లం చూసుకుంటూ నుంచున్నాం. ఇదేం రోగమే తల్లీ, పేటంతా పాకిందా?"

నేను పరుగున వెళ్లి మాస్టర్‌ని పట్టుకున్నాను. నేతపని చేసే ఊరి నుంచి వచ్చి ఇక్కడ కుట్టుపనిలో స్థిరపడ్డ మనిషి. కుడిభుజం. చెయ్యి భుజం ఎత్తుకి కూడా రావడం లేదు. ఆయన కష్టం ఆంటీ కష్టం కన్నా పెద్దది. చెయ్యి లేవకపోతే గుడ్డ పరిచి కత్తిరించడం కష్టం, కుట్టినవి పై కడ్డీకి తగిలించడం ఇంకా కష్టం. ఒప్పుకున్న పనులు ఆలస్యమై ఆడవాళ్లు వేరే కొట్లకి మళ్లుతున్నారు. ఆ కొట్టున్న షటరు ఓనరు అప్పటికే ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ అతన్ని వెంటబెట్టుకొచ్చి, లోపల ఎన్ని బల్లలు పడతాయో చూపించి వెళ్లాడు.

"శ్రావణంల పని మంచిగ నడిస్తే ఉంచుత, లేకుంటే ఖాళీ చెయ్యమన్నడు మేడం," అన్నాడు మాస్టర్. "శ్రావణం దాంక నా చెయ్యి లేస్తదా?"

చూద్దాం మాస్టర్, అన్నాను.

ఎవరు ఏ గ్రూపో మనం నిర్ణయించకూడదు, చీట్లు వేయాలి. హార్లిక్స్ సీసాలో చీట్లు వేసి తీయించాను. ఆంటీకి వ్యాయామాలు వచ్చాయి. మాస్టర్‌కి కాపడం వచ్చింది. ఆయన చీటి విప్పి చూసి, నాకు తిరిగిచ్చి, "ఇది మంచిదేనా?" అని అడిగాడు. రెండూ మంచివే అన్నాను. అలాగే అనాలని రూలు.

రెండు గ్రూపులవాళ్లు కలిసి మాట్లాడుకుంటే ఫలితం పాడవుతుంది. అందుకని వాళ్లకి వేర్వేరు రోజులు కేటాయించాం. ఆంటీ సోమ, బుధ, శుక్రవారాలు. మాస్టర్ మంగళ, గురు, శనివారాలు. సార్ ఈ ఏర్పాటుని చాలా మెచ్చుకున్నారు. ఇద్దరూ అమీర్‌పేటలో ఒకే సందులో ఉంటారన్న సంగతి, అంత చక్కటి ఏర్పాటు ముందు, మాకిద్దరికీ తట్టనే లేదు.

మొదట్లో అంతా పద్ధతిగా నడిచింది. ఆంటీ చెయ్యి లేస్తోంది, మాస్టర్ చెయ్యి లేవడం లేదు. నాకు సంతోషంగా ఉండేది. ఆ తర్వాత మాస్టర్ చెయ్యి కూడా లేవడం మొదలుపెట్టింది. కొంచెం లేస్తే కాపడం మహిమ అనుకోవచ్చు. కానీ కోణం కొలిచే ప్లాస్టిక్ స్కేలు పెట్టినప్పుడల్లా పోయినసారి కన్నా పైకి పోతోంది. ఆయన మొహం వెలిగిపోయేది, నా మొహం వాడిపోయేది. ఒక మనిషికి నొప్పి తగ్గుతుంటే నాకు దిగులు పుట్టడం ఏమిటని అప్పుడప్పుడూ అనిపించేది. మళ్లీ థీసిస్ గుర్తొచ్చేది.

"నువ్వు స్కేలు వంకరగా పట్టుకుంటున్నావమ్మా," అన్నారు సార్. తనే వచ్చి కొలిచారు. స్కేలు ఆయన మాట కూడా వినలేదు.

ఒక సాయంత్రం నా తెల్లకోటు చంక దగ్గర చిరిగితే కుట్టించుకుందామని మాస్టర్ కొట్టుకి వెళ్లాను. ఆయన టీకి వెళ్లినట్టున్నాడు, కొట్లో లేడు. కుట్టు మిషను పక్కన గోడ మీద టైలర్ సుద్దతో గీతలున్నాయి. నీలం సుద్ద, గులాబీ సుద్ద, ఒకదాని మీద ఒకటి పైకి పోతున్నాయి. హాస్టల్ వంటింట్లో క్యాలెండర్ పక్కన ఆంటీ పెన్సిల్‌తో పెట్టుకునే గీతలు కూడా సరిగ్గా ఇలాగే ఉంటాయి. నాకు సంగతి తెలిసిపోయింది.

కోటు అక్కడే పడేసి వంటింట్లోకి దూసుకెళ్లాను. "ఆంటీ, మాస్టర్‌కి వ్యాయామాలు మీరే నేర్పారా?"

"ఆ, నేనే," అంది ఆంటీ, వంకాయలు తరుగుతూ. "పాపం, పొడుగు మనిషి, గోడకెదురుగా నుంచోడం కూడా తెలీలేదు. రోజూ వెళ్లి చూస్తున్నా."

"ఎవరికీ చెప్పొద్దని చెప్పానా లేదా?"

"చెప్పావు. నువ్వు చదువుకున్న పిల్లవి, ఏదో కారణం ఉంటుందిలే అనుకున్నా. కానీ నేను కూరొండుకుంటేనే పక్కింటికో గిన్నె పంపుతానే! నా చెయ్యి లేస్తూ, ఆయనది అలా వేలాడుతుంటే, నా జాకెట్టు ఆయన చేతే కుట్టించుకుంటూ నోరు మూసుకునుండమంటావేంటి?"

నా రెండేళ్ల చదువు ఏమవుతుందని అరిచాను. అన్నం తిని అరవమంది.

మర్నాడు సార్‌కి చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని రెండు దారులు చూపించారు. ఒకటి, స్టడీ అయ్యేదాకా వ్యాయామాలు ఆపేయమని మాస్టర్‌కి చెప్పడం. రెండోది, ఆయన మధ్యలో మానేశాడని రాసేయడం. నా రోగుల్లో ఒక్కరోజైనా నాగా పెట్టని మనిషి ఆయనొక్కడే. అలాంటివాణ్ణి మానేశాడని రాయడానికి చెయ్యి రాక, మొదటి దారి పట్టి కొట్టుకి వెళ్లాను.

శ్రావణం దగ్గర పడింది. బల్ల మీద పట్టు జాకెట్టు గుడ్డలు గుట్టగా ఉన్నాయి. కుట్టినవి కొన్ని పై కడ్డీకి వేలాడుతున్నాయి. నా కోటు కూడా అక్కడే, చంక కుట్టి ఉంది.

"మాస్టర్, గోడ దగ్గర చేసేవి కొన్నాళ్లు ఆపాలి," అన్నాను.

"ఎందుకు మేడం? తప్పు చేస్తున్ననా?"

"తప్పేం కాదు. స్టడీ కోసం. శ్రావణం అయ్యాక మళ్లీ మొదలుపెట్టండి."

ఆయన కడ్డీ వైపు చూశాడు. "చీటి నాకు రాలేదని చెయ్యి సుత రావొద్దంటరా, మేడం?"

ఆయనే మళ్లీ అన్నాడు: "మీరు డాక్టరమ్మ. జర మీరు ఆలోచించి చెప్పుండ్రి. ఆపమంటే ఆపుత."

కోపగించుకున్నా బాగుండేది. ఆపుతానన్నాడు. నేనొక్క మాటంటే ఆ మనిషి నిజంగా ఆపేసి, చెయ్యి దించుకుని, షటరు అప్పగించి పోతాడు.

"ఏదీ, ఒకసారి చేసి చూపించండి," అన్నాను.

గోడ దగ్గరికి వెళ్లి వేళ్లు పైకి పాకించాడు. పైకి వెళ్లేకొద్దీ భుజాన్ని చెవి దాకా లేపేస్తున్నాడు. ఆంటీ చేసే తప్పే, అచ్చంగా దిగింది. "భుజం ఎగరేయకండి. కిందికి వదిలేసి చెయ్యి మాత్రం ఎత్తండి. ఆ, అలా," అన్నాను. వేళ్లు పాత గీత దాటాయి. నా చేత్తో నేనే సుద్ద తీసుకుని కొత్త గీత పెట్టాను.

శ్రావణంలో కడ్డీ ఈ చివర్నుంచి ఆ చివరికి నిండింది. షటరు ఓనరు వచ్చి, చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. ఇన్‌స్టిట్యూట్ ఎదురింటి మేడ మీద వెలిసింది.

నా లెక్కలు తేలాయి. రెండు గ్రూపులకీ తేడా లేదు. మాస్టర్ ఒక్కడే అనుకున్నాను గానీ, అడిగి చూస్తే ఆయన తన తోటి కాపడంవాళ్లందరికీ, బోరబండ దాకా వెళ్లి మరీ, నేర్పి వచ్చాడట. థీసిస్ చివర లోపాలు ఒప్పుకునే పేజీ ఒకటుంటుంది. అందులో, రెండు గ్రూపులవాళ్లూ ఒకరికొకరు నేర్పుకున్నారని రాశాను. సార్ ఆ వాక్యం కొట్టేశారు. "లోపాలంటే రోగుల సంఖ్య తక్కువ, సమయం చాలలేదు, ఇలా రాయాలమ్మా. నిజంగా ఉన్నవి రాస్తారా ఎవరైనా?" అన్నారు. ముగింపు కూడా ఆయనే చెప్పి రాయించారు: వేడి కాపడం ఒక్కటీ, వ్యాయామాలతో కలిపిన కాపడమూ సమానంగా పనిచేస్తాయి. వైవాకి వచ్చిన పెద్దాయనకి రైలు టైమైంది. అట్ట మీద బంగారు అక్షరాలు బాగున్నాయన్నారు. పాసయ్యాను.

ఇప్పుడు పంజాగుట్టకి మెట్రోలో వెళ్తున్నాను. ఈమధ్య నా కుడిభుజం పట్టేసింది. మన భుజం మనం పట్టి తిప్పుకోలేం గనక ఒక క్లినిక్‌కి వెళ్లాను. నేనూ ఆ పనే చేస్తానని చెప్పలేదు. ఒక చిన్నమ్మాయి కాపడం పెట్టి, ఇక రేపు రమ్మంది.

"ఇంట్లో చేసుకోడానికి వ్యాయామాలేం చెప్పవా అమ్మా?"

"అవసరం లేదు మేడం. చేసినా చెయ్యకపోయినా ఒకటేనని స్టడీ ఉంది. మా కాలేజీలోనే చేశారు, ఇక్కడే పంజాగుట్టలో."

"ఎవరు చేశారో తెలుసా?"

"ఎవరో మేడం, పాతది. మా లైబ్రరీలో ఉంటుంది. అట్ట చాలా బాగుంటుంది."

ఇంటికొచ్చి, మొన్ననే రంగు వేయించిన గోడకి దగ్గరగా నిలబడి, భుజం ఎగరేయకుండా వేళ్లు పైకి పాకించాను. ఆగిన చోట పెన్సిల్‌తో గీత పెట్టాను. అది నా భుజం కంటే కిందే ఉంది.