నేను చదవని పద్నాలుగు పేజీలు

మా కంపెనీ స్టోర్ రూములో ఆరు ల్యాప్‌టాప్‌లు పోయాయని పోలీసులు వచ్చినప్పుడు, తలుపుల దగ్గర ఎవరి కార్డు ఎప్పుడు గీశారో ఆ రికార్డు ప్రింటు తీసి ఇచ్చింది నేనే. పద్నాలుగు పేజీలు. పేజీ పేజీకీ సంతకం పెట్టి, కంపెనీ ముద్ర వేశాను. ఒక్కటీ చదవలేదు. అడ్మిన్‌లో పదకొండేళ్లుగా ఉన్నదాన్ని, రోజుకు ఎన్ని కాగితాల మీద సంతకం పెడతానో నాకే తెలియదు. ఇదీ అలాంటిదే అనుకున్నాను.

ఆ కాగితాలు చూపించి మా హౌస్‌కీపింగ్‌లో పనిచేసే ఒకామెకు రెండేళ్ల జైలుశిక్ష వేశారు.

ఆమెది నారాయణపేట దగ్గర పల్లె. భర్త సెంట్రింగ్ పని చేస్తాడు, ఒక కూతురు. బోరబండలో కిరాయికి ఉండేవాళ్లు. తెల్లవారేసరికి రైలు, అక్కడి నుంచి షేర్ ఆటో పట్టుకొని నానక్‌రామ్‌గూడలోని మా ఆఫీసుకు ఆరున్నరకల్లా వచ్చేసేది. నాలుగేళ్లు నా బల్ల తుడిచింది. నాకు మెడనొప్పి వచ్చినప్పుడు వాళ్ల ఊరి నుంచి ఆముదం ఆకులు తెప్పించి పెట్టింది. దొంగతనం చేసింది ఆమేనని చెప్పినప్పుడు నాకు ఆశ్చర్యం వేసిన మాట నిజం. ఆ ఆశ్చర్యంతోనే ఊరుకున్న మాటా నిజం.

కోర్టుకు సాక్షిగా నన్ను పిలిచారు. బోనెక్కాను.

"ఈ సంతకాలు మీవేనా?"

"నావేనండి."

ఆమె తరఫున ప్రభుత్వం పెట్టిన వకీలు ఫైలులోంచి తల ఎత్తకుండానే ప్రశ్నలు లేవన్నాడు. మొత్తం ఐదు నిమిషాలు. ఆమె వెనక గోడను ఆనుకొని నిలబడి ఉంది. నా వైపే చూస్తోంది, ఇంకేదో చెబుతానన్నట్టు. నేను దిగి వచ్చేశాను. క్యాబెక్కి ఆఫీసుకు చేరి భోజనం చేశాను. ఆ రోజు క్యాంటీన్‌లో గుత్తివంకాయ కూర. కూర గుర్తుండి ఆమె చూపు మరిచిపోయినందుకు నా మీద నాకు ఇవాళ్టికీ ఒళ్లు మండుతుంది.

శిక్ష పడిందని సూపర్‌వైజర్ చెప్పాడు. అయ్యో అన్నాను. అంతే.

ఆరు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం గేటు నుంచి ఫోన్ వచ్చింది. ఎవరో కలవాలంటున్నారట, లోపలికి పంపడం లేదట. దిగి వెళ్లాను. ఆమె భర్త. చేతిలో పాలిథిన్ కవరు, అందులో తీర్పు కాపీ. నన్ను చూసి నమస్తే పెట్టాడు.

"మీరు దస్కతు పెట్టిన కాయితాలే గద మేడమ్, మా ఆమెను లోపటికి పంపినయి," అన్నాడు.

గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది, నేను కూడా ఎదురు కోపగించుకొని లోపలికి పోయేదాన్ని.

"కోర్టు అడిగింది, ఇచ్చాను. నాకేం తెలుసు చెప్పండి?" అన్నాను.

"తెల్వదనే అందరు అంటున్రు. కానీ ఆ పొద్దు ఆమె మీ కొత్త బిల్డింగుల ముగ్గు ఏస్తున్నది మేడమ్. జడ్జి సారుకు గూడ చెప్పింది. ఎవలన్న చూసిన్రా అంటే, మేడమ్ చూసింది అన్నది. ఏ మేడమో ఎవలు అడగలే."

గేటు పక్కన డ్రైవర్లు కూర్చునే బెంచీ మీద కూర్చొని ఆ తీర్పు చదివాను. నేరం జరిగిన రోజు ఉదయం ఏడు గంటల పన్నెండు నిమిషాలకు ముద్దాయి కార్డుతో పాత బిల్డింగు నాలుగో అంతస్తు స్టోర్ రూము తెరుచుకుంది. ముద్దాయి తన నేరాన్ని కంపెనీ సెక్యూరిటీ ఆఫీసర్ ముందు రాతపూర్వకంగా ఒప్పుకుంది. ఆ సమయంలో వేరే చోట ముగ్గు వేస్తున్నానన్న ఆమె మాటకు ఏ ఆధారమూ లేదు.

తేదీ చూశాను. ఆ రోజు విదేశీ క్లయింట్లు వచ్చారు. రోడ్డుకు అవతలి వైపున్న కొత్త బిల్డింగులో రిసెప్షన్ ముందు ముగ్గు వేయించే పని మేనేజర్ నాకే అప్పజెప్పాడు. ముగ్గు ఎవరికి బాగా వచ్చని అడిగి, పాత బిల్డింగులో పనిచేసే ఆమెను పొద్దున్నే నేరుగా అక్కడికి రమ్మన్నది నేనే.

ఫోన్ తీసి ఫొటోల్లో వెనక్కి వెళ్లాను. ఉన్నాయి. ఏడూ తొమ్మిదికి ఒకటి. నీలం యూనిఫాంలో ఆమె గొంతుక్కూర్చొని తామరరేకు గీస్తోంది. ఏడూ పద్నాలుగుకు ఇంకొకటి. ముగ్గు సగం పైన అయిపోయింది, ఆమె తలెత్తి నా కెమెరా వైపు చూస్తూ నవ్వుతోంది. ఆ ఐదు నిమిషాల్లో రోడ్డు దాటి, నాలుగు అంతస్తులెక్కి, ఆరు ల్యాప్‌టాప్‌లు తీసుకొని, వాటిని ఎక్కడో దాచి, తిరిగొచ్చి ముగ్గు దగ్గర కూర్చోవడం ఏ మనిషికీ సాధ్యం కాదు.

"ఏమైంది మేడమ్?" అన్నాడు.

ఫోన్ చూపించాను. ఆయన చేత్తో ముట్టుకోలేదు. వంగి చాలాసేపు చూశాడు.

"నవ్వుతున్నది," అన్నాడు.

మరి కార్డు? ఆ సంగతి మా ఆఫీసులో తెలియని మనిషి లేడు. హౌస్‌కీపింగ్ వాళ్లు కార్డులు ఇంటికి తీసుకెళ్లకూడదు. షిఫ్టు అయ్యాక సూపర్‌వైజర్ డ్రాయరులో పెట్టి పోవాలి, మర్నాడు అక్కడే తీసుకోవాలి. ఆ డ్రాయరుకు తాళం ఉండదు. ఆ రోజు ఆమె నేరుగా కొత్త బిల్డింగుకే వచ్చింది, కార్డు డ్రాయరులోనే ఉండిపోయింది. ఎవరు తీశారో ఎవరూ వెతకలేదు. ఒక్క ల్యాప్‌టాప్ కూడా దొరకలేదు. దొరకాలన్న తొందర కూడా ఎవరికీ లేదు, దొంగ దొరికింది కదా!

ఇక ఒప్పుకోలు కాగితం. ఆమెను ఒక గదిలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చోబెట్టారు. పేరు రాయడం తప్ప చదువు రాని మనిషి చేత ఇంగ్లీషు కాగితం మీద సంతకం చేయించారు. "లీవు కాయితం అని చెప్పిన్రంట మేడమ్," అన్నాడు భర్త.

నేను ఫోన్ పట్టుకొని మేనేజర్ గదికి వెళ్లాను. ఫొటోలు చూశాడు. చూసి ఫోన్ బల్ల మీద బోర్లించాడు.

"లీగల్ టీమ్ క్లోజ్ చేసేసిన మేటర్ ఇది. ఎందుకు మళ్లీ ఓపెన్ చేస్తారు?"

"ఆమె జైల్లో ఉందండి."

"అది కోర్టు డెసిషన్. మనది కాదు."

"మనమిచ్చిన కాగితాలు చూసే కదండీ కోర్టు చెప్పింది?"

"బీ ప్రాక్టికల్. మన ప్రాసెస్‌లో తప్పుందని మనమే రాసిస్తే క్లయింట్ ఏమంటాడు? మీ జాబ్ గురించి కూడా ఆలోచించుకోండి."

ఆయనకూ కూతురుంది. ఆ ముగ్గు ఎంత బాగుందో అని ఆ రోజు ఆఫీసు వాట్సాప్ గ్రూపులో చప్పట్ల బొమ్మ పెట్టింది కూడా ఆయనే. ఫోన్ తీసుకొని బయటికొచ్చేశాను. గేటు దగ్గర ఆమె భర్త ఇంకా కూర్చునే ఉన్నాడు.

ఉచిత న్యాయ సహాయం చేసే ఒక వకీలమ్మ దగ్గరికి ఆయన్ను వెంటబెట్టుకొని వెళ్లాను. అరవై దాటిన మనిషి, వరంగల్ మాట. అంతా విని ముందు నన్నే పట్టుకుంది.

"ఇన్ని దినాలు ఏడికి వోయినవమ్మా నువ్వు?"

ఫోన్ తీసి ఆమె ముందు పెట్టాను.

"ఈ ఫొటోలు ఎవలకన్న పంపినవా?"

"ఆ రోజే మా ఆఫీసు గ్రూపులో పెట్టానండి."

"అంటే ఇంకో పది మంది ఫోన్లల్ల గూడ ఉన్నయి. పది మందికి పది నోర్లు, ఒక్కటి తెరువలే." కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "అప్పీలు గడువు ఎప్పుడో దాటింది. శిక్ష పడ్డ దినమే అడిగి ఉంటే అప్పీలు తేలేదాంక బయటనే ఉంటుండె. అడగనీకె ఎవలు లేకపాయె."

అడిగే హక్కు ఉందని ఆమెకు ఒక్కరైనా చెప్పలేదు. ఆ కోర్టు గదిలో నల్లకోట్లు ఎన్ని ఉన్నాయో నేను చూశాను.

నేను అఫిడవిట్ రాసిచ్చాను. ఫోన్ కోర్టులో అప్పగించాను. ఆలస్యాన్ని మన్నించమని అర్జీ, శిక్ష నిలిపేయమని అర్జీ వేశారు. అవి తేలేలోగా ఒకసారి జైలుకు వెళ్లాను. ఆమెకు క్షమాపణ చెప్పాలనుకొని వెళ్లాను. ఇనుప జాలీకి అవతల ఆమె వచ్చి కూర్చుంది. బాగా చిక్కిపోయింది. నేను నోరు తెరిచేలోగా తనే అంది.

"ఆ ఫొటో మా ఆయన ఫోనుకు పంపున్రి మేడమ్ అని అడిగిన. యాదికుందా?"

అప్పుడు గుర్తొచ్చింది. మా అమ్మాయి ముగ్గు చూస్తానంటుంది, పంపండి అని అడిగింది. పంపిస్తాలే అన్నాను. క్లయింట్ల కార్లు వచ్చేశాయి, మరిచిపోయాను.

"పంపుంటే మా ఆయన దగ్గరనే ఉంటుండె గద," అంది. "కోర్టుల మీరు బోనెక్కినంక, చెప్తరు చెప్తరు అని చూసిన. మీరు దిగిపోయిన్రు."

"నాకు తట్టలేదమ్మా. నిజంగా తట్టలేదు."

"మీకెందుకు తడ్తది మేడమ్? లోపట ఉన్నది నేను."

క్షమించమని అడగకుండానే లేచి వచ్చేశాను. అడిగి ఉంటే అది కూడా ఆమె మీద ఇంకో బరువే అయ్యేది.

శిక్ష నిలిపేశారు. ఏడున్నర నెలల జైలు తర్వాత బయటికొచ్చింది. అప్పీలు విచారణ ఇంకో ఏడాదికి గాని రాలేదు. ఈసారి కూడా నేనే సాక్షిని. ప్రభుత్వ న్యాయవాది నన్ను గట్టిగానే అడిగాడు.

"మొదటిసారి సాక్ష్యం చెప్పినప్పుడు ఈ విషయం ఎందుకు దాచారు?"

"దాచలేదండి. కాగితాలు చదవకుండా సంతకం పెట్టాను. చదివి ఉంటే ఆ రోజే తెలిసేది."

"చదవకుండా సంతకం పెట్టే మనిషి మాట ఇప్పుడు ఎలా నమ్మాలి?"

"నా మాట నమ్మకండి. ఫొటోలో టైము చూడండి. మొదటిసారి కూడా నన్ను నమ్మకుండా ఉండాల్సింది."

జడ్జి తలెత్తి చూశారు. వకీలమ్మ నా కొంగు లాగినంత పనిచేసింది.

నెల తర్వాత ఆమె మీద కేసు కొట్టివేశారు. ఆమె వేరే చోట ఉందని ఫొటోలు తేటతెల్లం చేస్తున్నాయని, ఒప్పుకోలు కాగితం నమ్మదగినది కాదని తీర్పులో రాశారు. పోయిన ఏడున్నర నెలల గురించి ఒక్క వాక్యం లేదు. కాగితం చేయించిన సెక్యూరిటీ ఆఫీసర్ గురించీ లేదు. అతను ఇప్పుడు కోకాపేటలో ఇంకో పెద్ద టవరుకు మారాడట, హోదా పెరిగిందట.

నేను ఆ ఉద్యోగం మానేశాను. మూడు వారాల్లో ఇంకోటి దొరికింది. మానేసిన కారణం ఎవరూ అడగలేదు. ఆమెకు మాత్రం ఈ చుట్టుపక్కల ఏ ఆఫీసులోనూ పని ఇవ్వలేదు. కేసు కొట్టేసిన తీర్పు కాపీ తీసుకొని నాలుగు ఏజెన్సీలకు నేనే వెంట వెళ్లాను. నాలుగో చోట కుర్చీలో కూర్చున్నతను కాపీ తిప్పి కూడా చూడకుండా, "కేసు అయితే ఉండె గద మేడమ్, కంపెనీలు ఒప్పుకోవు," అన్నాడు. అతని మీద అరిచాను. ఆమె నా చెయ్యి పట్టుకొని బయటికి తీసుకొచ్చింది.

"గిట్ల అరిస్తే ఏమొస్తది? జర నడువున్రి," అంది. ఆమె మొహం ఎర్రగా ఉంది. ఆమెకు నాకంటే ఎక్కువ కోపం ఉంది, అరవడానికి నాకున్న వెసులుబాటు ఆమెకు లేదు.

ఇప్పుడు ఒక ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తోంది. సెక్యూరిటీ ఆఫీసర్ మీద మేము ఇచ్చిన ఫిర్యాదు స్టేషన్‌లో కదలకుండా పడి ఉంది. ప్రతి నెలా ఇద్దరం వెళ్లి అడుగుతాం. సార్ లేడంటారు, బందోబస్తుకు పోయాడంటారు. మళ్లీ వెళ్తాం.

తల్లి జైల్లో ఉన్న ఏడాది వాళ్లమ్మాయి ఇంటర్ పరీక్షలు రాయలేదు. ఒక సంవత్సరం వెనకబడి ఇప్పుడు మళ్లీ కాలేజీకి వెళ్తోంది. నేను ఇంటికి వెళ్తే కుర్చీ వేసి, నీళ్లిచ్చి, పక్క గదిలోకి వెళ్లిపోతుంది. వాళ్లమ్మ పిలిచినా రాదు. నాతో ఇప్పటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడమని నేనూ అడగను.