ఖాళీగా వదిలిన గడి

తడి వేలు పెడితే వేలిముద్రల మిషన్ ఒప్పుకోదు. ఈ ఉదయం వానలో గేటు దగ్గర ఆడవాళ్ళు వేళ్ళు లుంగీలకు తుడుచుకుంటూ మళ్ళీ మళ్ళీ పెడుతుంటే అది కీచుమంటూనే ఉంది. ఆ చప్పుడుకు నాలో పాత లెక్క మొదలైంది. మొదటి నెల ఏడు హాజర్లు పోయాయి. రెండో నెల తొమ్మిది. మూడో నెల ఒక్కటీ పోలేదు. నాలుగో నెల ఎనిమిది, ఐదో నెల ఏడు. మొత్తం ముప్పై ఒకటి, వాటితో పాటు ఒక ఉద్యోగం. పనికి వచ్చిన మనుషులు రానట్టుగా కాగితం మీదికి ఎక్కారు. ఎక్కించింది నేను. అది పట్టుకున్నది నీలవేణి పిన్ని.

బర్మాలో, మింగళాడోన్‌లోని ఈ బట్టల ఫ్యాక్టరీలో ఆమె హాజరు విభాగానికి పెద్ద. ఆఫీసులో అందరికీ డా నీలా, ఇక్కడ 'డా' అంటే గారు అని. తామ్వేలో మా వీధే కాబట్టి నాకు పిన్ని. వాళ్ళది గంజాం నుంచి వచ్చిన కుటుంబం, కోపం వస్తే ఒడియాలోనూ తిట్టేది. ఎనిమిదో తరగతితో చదువు ఆపేసి, లెక్కలూ కంప్యూటరూ సొంతంగా నేర్చుకున్న నన్ను ఈ పనిలో పెట్టించింది ఆమే. దేన్నీ నమ్మేది కాదు. గుడ్ల అట్ట కొన్నా దుకాణం ముందే నిలబడి లెక్కపెట్టేది. "ముప్పై అని రాసుంటే ముప్పై ఉంటాయేటి?" అనేది. నేను డేటాబేసును ఏదైనా అడగబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపేది. "ఆగు. ముందు నీ లెక్క సెప్పు. తర్వాత దాని లెక్క సూద్దాం." ఎంత రావచ్చో చించిన క్యాలెండర్ కాగితం వెనక రాసి, ఏ రోజు ఎన్ని గంటలకు నడుపుతున్నామో పక్కన వేశాకే మీట నొక్కనిచ్చేది. నన్ను నమ్మడం లేదని లోపల మండేది.

ఒకసారి ఆమె బస్సు దిగుతూ పడి, తుంటి విరిగి ఐదు నెలలు మంచం పట్టింది. ఆ సందులో నేను సొంతంగా ఒక కంప్యూటర్ స్క్రిప్టు రాశాను. మొదలు తేదీ, ముగింపు సమయం అని రెండు గడులు. వాటినే పారామీటర్లు అంటారు. అవి ఇస్తే నెల హాజరంతా అదే తీసి, రాని వాళ్ళ పేర్లు విడిగా ఇచ్చేది. నెలాఖరు రోజు మధ్యాహ్నానికి జీతాల జాబితా పంపాలి కనుక ఆ ఉదయమే నడిపేవాణ్ణి. టైము మాత్రం అలవాటుగా కాగితం మీద వేశాను. ఎంత రావచ్చో ముందు రాయడం మానేశాను. పిన్ని లేదు కదా.

మొదటి నెలలోనే చిత్రం కనిపించింది. నెలాఖరు రోజు రాని వాళ్ళందరూ నది అవతలి దలా నుంచి ఫెర్రీలో వచ్చేవాళ్ళే. "చూశావా, నది దాటి వచ్చే వాళ్ళను నమ్మకూడదు," అన్నాడు మేనేజరు. నాకూ నిజమే అనిపించింది. నెలాఖరున మూడుసార్లు రాకపోతే ఉద్యోగం తీసేస్తానని నోటీసు అంటించాడు. మూడో నెల ఒక్క పేరూ రాలేదు. భయపడి దారిలోకొచ్చారనుకున్నాం. నాలుగో నెల మా సాన్ అనే అమ్మాయి పేరు మూడోసారి వచ్చింది.

పేరు బర్మాదే అయినా ఆమె మా తెలుగుపిల్లే, కాలర్లు కుట్టేది. నా బల్ల ముందు నిలబడింది.

"నాను వొచ్చినాను అన్నయ్యా. నెలాకరునే నీకు ఉడికిన సెనగలు తెచ్చిపెట్టినాను. తిన్నావు కూడా. మరిసిపోయావేటి?"

శనగలు గుర్తున్నాయి. ఏ రోజో గుర్తులేదు. పైగా, ఇవి దేనికోసం పెట్టిందా అని అప్పుడు కొత్త అనుమానం పుట్టింది. "కంప్యూటర్లో లేదమ్మా," అన్నాను. ఆమె కత్తెర అప్పజెప్పి వెళ్ళిపోయింది.

ఐదో నెల జాబితా తీసిన మర్నాడు పిన్ని కర్ర పట్టుకుని తిరిగొచ్చింది. కూర్చోకుండానే జాబితా చూసింది.

"ఏడుగురూ దలావోళ్ళేనా? దొంగలు కూడా ఇంత వరసగా నిలబడరురా. మూడో నెల ఏటయింది?"

"భయపడ్డారు."

"కాయితం తీ."

తీశాను. నాలుగు నెలలు ఏడూ నలభై ప్రాంతంలో నడిపాను. మూడో నెల మాత్రం పది దాటాక. ఆ ఉదయం ఆఫీసులో కరెంటు లేదు, గేటు దగ్గరి మిషన్ మాత్రం బ్యాటరీ మీద నడిచింది.

"ముగింపు గడిలో ఏటి పెట్టావు?"

"ఏమీ పెట్టలేదు పిన్నీ. ఖాళీగా వదిలేశాను."

"నువ్వు పెట్టకపోతే అదేటి పెట్టుకుంటాది?"

ఖాళీగా వదిలితే అది ఆ క్షణపు టైమే పెట్టుకుంటుంది. అలా రాసింది నేనే. ఏడున్నరకు పని మొదలు. ఫెర్రీలో రావాలి కనుక దలా వాళ్ళకు మాత్రం ఎనిమిది దాకా వెసులుబాటు. వాళ్ళు వేలు పెట్టేలోపే నేను లెక్క మూసేశాను. మిషన్‌లోని అసలు నమోదు తెరిచాం. ఆ మూడు రోజులూ మా సాన్ వేలిముద్ర ఉంది. ఏడూ యాభై, ఏడూ యాభై అయిదు, ఏడూ నలభై ఎనిమిది.

"కరెంటు పోయిన నెల దొంగలు లేరు, కరెంటున్న నెల ఉన్నారు. నీకనుమానం రానేదేటిరా సచ్చినోడా?"

అనుమానం రాకేం, వచ్చింది. మనుషుల మీద వచ్చింది.

మిషన్ మీదికి నెట్టేద్దామని నేను గొణిగితే పిన్ని కర్ర నేలకేసి కొట్టింది. నన్నే మేనేజరు దగ్గరికి తీసుకెళ్ళి నా నోటితోనే చెప్పించింది. అతను ఎర్రబడి, ఉన్నవాళ్ళ హాజర్లు సరిచేయమన్నాడు. ఇరవై ఎనిమిది సరిచేశాను. మా సాన్ విషయంలో, "ఆమె వచ్చి సంతకం పెడితే చూద్దాం," అన్నాడు.

ఆ ఆదివారం పిన్నీ నేనూ దలా వెళ్ళాం. మా సాన్ ఉండే ఇంటి తలుపు పక్కింటామె దగ్గరగా లాగి, మమ్మల్ని పైనుంచి కింది దాకా చూసింది.

"ఎవరు మీరు? ఎందుకు వెతుకుతున్నారు?" అని బర్మా భాషలో అడిగింది.

"ఆఫీసు నుంచి," అన్నాను. అనకూడని మాట అన్నానని ఆమె ముఖంలో తెలిసింది.

"అలాంటి పేరుగల మనిషి ఇక్కడ ఎప్పుడూ లేదు," అంది. ఆమె వెనక తీగ మీద మా ఫ్యాక్టరీ యూనిఫాం చొక్కా ఆరుతోంది. పిన్ని కూడా దాన్ని చూసింది. తిరుగు ఫెర్రీలో నా వైపు చూడకుండా, "ఆ పక్కింటామె సరిగ్గానే సేసింది. మనలాటోళ్ళని నమ్మితే ఏటవుతాదో సూసింది కదా," అంది.

తర్వాత మరో రెండుసార్లు వెళ్ళాను. రెండోసారి ఆ ఇంట్లో వేరే వాళ్ళున్నారు. సరిహద్దు దాటిందని ఒకరు, మాండలే వైపు వెళ్ళిందని ఒకరు చెప్పారు. ఎవరి మాట నమ్మాలో ఇప్పటికీ తెలియదు.

పిన్ని పోయి రెండేళ్ళు దాటింది. ఇప్పుడు నా స్క్రిప్టులో ఏ గడి ఖాళీగా ఉన్నా అది నడవదు, ఏ విలువ కావాలో అడిగి ఆగిపోతుంది. ఒకే చోటి మనుషుల పేర్లు ఒక జాబితాలో వరసగా కనిపిస్తే ముందు నా ప్రశ్ననే అనుమానిస్తాను. కొత్త మేనేజరుకు ఇది చాదస్తం. ప్రతి నెలాఖరున నా జాబితా అడుగున, ఎవరూ అడగని ఒక వరుస ఉంటుంది. తీసేయమని రెండుసార్లు చెప్పారు, తీయలేదు. మా సాన్, కాలర్ల విభాగం, ఇంకా ఇవ్వవలసినది మూడు రోజుల జీతం.