వేట వరుసలో తుపాకీ మూతి

ఒడెజిమి చేతిలోంచి పెద్దలు తుపాకీ లాక్కున్న రోజున ఊరంతా చూస్తూ నిలబడింది. ఎండుగాలి కాలం. వేటగాళ్ళ సంఘం పెద్దవేటకు వెళ్ళి వచ్చింది. అందరూ నడిచి వచ్చారు, ఒడెజిమి తమ్ముడు ఒడెసోలాను మాత్రం రొమ్ము మీద గాయంతో శవంగా మోసుకొచ్చారు. వరుసలో అతనికి ముందు నడిచింది సంఘం పెద్ద ఒగుండెలే, వెనక నడిచింది ఒడెజిమి. గుండు తగిలింది ముందు నుంచి. అయినా పెద్దలు ఒడెజిమి తుపాకీ గొట్టం వాసన చూసి, మందు వాసన వస్తోందన్నారు. ఆ పొద్దున అతను అడవికోడిని కొట్టాడు. ఆ కోడి మాంసం తిన్న నోళ్ళే, తమ్ముణ్ణి చంపిన గుండు అతనిదేనని తీర్పు చెప్పాయి.

ఒడెజిమి కత్తిని పళ్ళతో కరిచి, ఇనుము దేవుడు ఓగున్ సాక్షిగా తాను పేల్చలేదన్నాడు. ఒగుండెలేను కూడా ఆ కత్తి కరవమని అడిగే ధైర్యం ఒక్కడికీ లేకపోయింది.

ఒడెసోలా కొడుకు అకన్ని పెదనాన్న ఇంట్లోనే పెరిగాడు. పెదనాన్న ఏడవగా అతను చూడలేదు, తిట్టగా వినలేదు. పెండలం తవ్వడం, పెట్టింది తినడం, పడుకోవడం, అంతే. ఒగుండెలే దారిలో ఎదురైతే పెదనాన్న వంగి దండం పెట్టేవాడు. తలుపుకు దండం పెడుతున్నట్టుండేది.

అకన్ని పెద్దవాడై మోటారు సైకిళ్ళు బాగుచేసే పనిలో కుదిరాడు. కానీ తండ్రి బాకీ ఒకటి మిగిలే ఉంది. పోయిన వేటగాడికి సంఘం సాగనంపు పాట పాడాలి. అది పాడాలంటే కొడుకు సంఘంలో చేరాలి. చేరాలంటే పెద్దవేటలో సంఘం పెద్ద ఒగుండెలే సంచి మోస్తూ, సరిగ్గా ఆయన వెనకే నడవాలి.

సంగతి విని ఒడెజిమి లేచి వెళ్ళి, పెండలం దంచే రోకలి తెచ్చి అతని చేతిలో పెట్టాడు. ఇంట్లో తుపాకీ లేదు మరి.

"కాలవ దాటుతున్నావు, ఏం చేస్తావు?"

"నిప్పు రేపే రాగి టోపీ ముందే ఊడదీస్తాను."

"కాలు జారింది."

"నేనెలా పడ్డా సరే, మూతి మాత్రం మనిషి లేని వైపు."

"వరుసలో?"

"ముందువాడి మూతి ముందుకి, చివరివాడిది వెనక్కి, నడిమి వాళ్ళది ఆకాశానికి."

"టోపీ ఎప్పుడు పెడతావు?"

"జంతువు కనబడ్డాకే."

"ముందే పెట్టి, దాని మీద తుపాకీ సుత్తి మెల్లగా ఆనించి భుజాన వేసుకుంటారు కొందరు. భద్రమనుకుంటారు. తీగ తగులుకుని సుత్తి కాస్త లేచి పడిందా, అయిపోయింది."

లోపలి నుంచి అడున్ని పెద్దమ్మ కేకేసింది. "ఏమయ్యా, ఇవాళ జింకల్ని దంచుతారా, పెండలం దంచనిస్తారా? పొయ్యి మీద కూర మాడిపోతోంది ఇక్కడ!"

ఒడెజిమి నవ్వలేదు. రోకలి భుజాన ఎలా వాలిందో వెనక్కి జరిగి చూసి, చేత్తో కాస్త పైకెత్తాడు.

పెద్దవేట రోజు రానే వచ్చింది. ఒగుండెలే ముసలివాడయ్యాడు. తుపాకీ అదే, భుజం మీద పడిన తీరూ అదే. టోపీ మీద సుత్తి, మూతి వెనక్కి. సంచి ఎత్తుకున్న అకన్ని రొమ్ముకు ఎదురుగా ఆ నల్లటి కన్నం నిలిచింది. అకన్ని సంచి దించి, దుమ్ములో బోర్లా పడి దండం పెట్టాడు.

"బాబా, తప్పుగా అనుకోకండి. టోపీ తీసేయండి, లేకపోతే మూతి ముందుకి తిప్పుకోండి."

"ఎదురుగా దుప్పి నిలబడితే, కాస్త ఆగమ్మా, టోపీ పెట్టుకుంటానని దాన్ని బతిమాలుకోనా?" అన్నాడు ఒగుండెలే. అందరూ నవ్వారు. "రోకలితో వేట నేర్చినవాడివట. భయం ఉంటుందిలే. ఇనుము ఎవరిని చూడాలో దానికి తెలుసురా."

"మీ నాన్న నోరు మూసుకుని నడిచాడు," అని వెనక నుంచి ఎవడో అన్నాడు.

"నడిచి ఎంతదూరం పోయాడు?" అన్నాడు అకన్ని.

నవ్వు ఆగిపోయింది. ఒగుండెలే తుపాకీని ఇటు నుంచి అటు జరపలేదు. "వెనక నడువు, లేదా ఇంటికి పో. ఇంటికి పోతే మీ నాన్న పాట మాట మళ్ళీ ఎత్తకు."

అకన్ని లేచి దుమ్ము దులుపుకుని దారి పక్కకు జరిగాడు. ఆ ఏడే చేరాలనుకుంటున్న లయివోలా అనే పడుచువాడు, వరం దొరికినట్టు సంచి అందుకుని ఆ ఖాళీలో నిలబడ్డాడు. వరుస కదిలిపోయింది. సాయంత్రానికి అందరూ క్షేమంగానే తిరిగొచ్చారు, రెండు జింకల్ని మోసుకుని. ఊరు అకన్నిని చూసి నవ్వింది.

మర్నాడు అకన్ని పనిముట్లు సర్దుకుని ఇబాదాన్ పట్నానికి బయల్దేరాడు. ఒడెజిమి దొడ్లో తడికెకు పెండలం దుంపలు వేలాడగడుతున్నాడు. అకన్ని ఆయన్ని చూడడం అదే ఆఖరు, ఆ తర్వాతి వానలకే ఆయన జ్వరంతో పోయాడు.

"చెప్పినట్టే చేశాను పెదనాన్నా. ఆ మూతి ముందు నడవలేదు."

ఒడెజిమి ఒక దుంప కట్టాడు.

"నాన్న పాట ఇక లేదు. ఉండదు."

ఇంకో దుంప కట్టాడు. అకన్ని చాలాసేపు నిలబడ్డాడు. మంచిపని చేశావనో, చెడగొట్టావనో, ఏదో ఒకటి వినాలని. తాడు ముడి లాగి బిగించి, ఇటు తిరక్కుండానే అడిగాడు ఒడెజిమి.

"నువ్వు తప్పుకున్నావు, సరే. నీ చోట నిలబడ్డవాడి పేరేంటి?"