వెనక్కున్న దవడ

దేవరకొండ నుంచి జడ్చర్ల పోయే బస్సులో నా ఒడిలో ముఖాల ఎక్స్‌రేలు ఉన్నాయి. పళ్లు కలిసే తీరును బట్టి దవడ పొడవు ఎంత మారుతుందో కొలవడం నా పని. పక్క సీట్లో పెద్దాయన కటింగ్ షాపు నడుపుతానన్నాడు. పై ఎక్స్‌రే చూడగానే చెప్పాడు.

"గీయన కింది దవడ ముంగటికున్నది సారూ. గిసొంటోళ్లకు మీసం కాడ కత్తి జర మెల్లగ నడపాలె."

నా కొలతా అదే చెప్పింది. ఇంకొకటి చూపించాను.

"గీయనది ఎన్కకున్నది. గిసొంటోళ్లను గడ్డం పెంచుకొమ్మంట." ఆగి, నా గడ్డం వైపు చూశాడు. "మీకెవరు చెప్పిండ్రు?"

ఎవరూ చెప్పలేదు. కాలేజీ రోజుల నుంచి నేనే నా దవడను దాచుకుంటున్నాను.

గడ్డం ఇప్పటికీ తీయలేదు. కానీ ఆ వారమే నా ముఖానికీ ఎక్స్‌రే తీయించి, కొలిచి, పేరు రాసి, వెనక్కున్న దవడల కట్టలో పెట్టాను.