అప్పగింతల పాట

అద్దంకి చుట్టుపక్కల పదేళ్ళపాటు ఏ పెళ్ళిలోనైనా అప్పగింతల వేళ ఒకటే పాట. బ్యాండు మేళం సిలార్ క్లారినెట్ ఎత్తాడంటే చాలు, అంతదాకా మర్యాదలు తక్కువయ్యాయని రుసరుసలాడిన వియ్యపురాలు కూడా కొంగు నోట్లో కుక్కుకునేది. ఎక్కడిదయ్యా ఈ పాట అంటే, "ఇంగ్లీషు దేవుడి పాట" అనేవాడు. అబద్ధమాడాడా? లేదు పాపం, నిజంగానే నమ్మాడు.

నమ్మడా మరి! మిషన్ ఆసుపత్రి డాక్టరు దొరసాని తన దేశం వెళ్ళిపోతూ టీచరమ్మ దేవకుమారికి ఒక గ్రామఫోను, నాలుగు రికార్డులు ఇచ్చి పోయింది. మిషన్ వాళ్ళ రికార్డులో దేవుడి పాట కాక ఇంకేం ఉంటుంది? సిలార్ టీచరమ్మ వసారాలో కూర్చుని ఒకే పూట ఐదుసార్లు వేయించుకున్నాడు. ఆడగొంతు. పక్కన కూర్చున్న మనిషితో చెప్పుకుంటున్నట్టు తగ్గి మొదలవుతుంది. కింద డ్రమ్ము ఆగి ఆగి కొడుతుంది. వెనక ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు అందుకుంటారు. ఇక ఏడుస్తుందిరా అనుకున్నచోట ఆవిడ ఏడవదు, గొంతు పైకి లేస్తుంది. అబ్బ, ఏం లేవడం అది! సిలార్‌కు ఒళ్ళు జలదరించింది. కానీ అప్పగింతల్లో జనం ఏడవాలి కదా. అందుకని ఆ పైకెక్కే చోటును కిందికి వంచి, జాలిగా జార్చి వాయించేవాడు.

ఎనభై మూడులో కూతురు ఖుర్షిదా పెళ్ళికీ తనే వాయించాడు. ఏడాది తిరక్కుండానే అల్లుడు ఇంకొకామెను చేసుకుని ఖుర్షిదాను పుట్టింటికి తోలేశాడు. పెద్దలు కూర్చున్నారు, మాట్లాడుకున్నారు, టీలు తాగి లేచారు. తలుపు వెనక నిలబడ్డ పిల్లను ఒక్క మాట అడగనివ్వలేదు.

ఆ వారమే దేవకుమారి పరామర్శకు వచ్చి, మాటల్లో నోరు జారింది.

"అది దేవుడి పాట కాదు సిలారూ. ఇరవై ఏళ్ళనాటి పాట. ప్రేమించినవాడు వదిలేసి పోతుంటే ఆడమనిషి పాడేది. ఖుర్షిదా పెళ్ళిలో నువ్వు వాయిస్తుంటే విన్నప్పుడే చెబుదామనుకున్నాను, శుభమా అని జరుగుతుంటే నోరు రాలేదు."

సిలార్ నెత్తిన పిడుగు పడ్డట్టయింది. ఎంతమంది ఆడపిల్లల్ని ఆ పాటతో సాగనంపాడు! "నా చేతులారా నా బిడ్డ కొంప ముంచాను" అంటూ క్లారినెట్‌ను గుడ్డలో చుట్టి అటక మీద పడేశాడు. ముహూర్తాల రోజులొచ్చాయి. మేళం వాళ్ళు వచ్చి బతిమాలారు. కదల్లేదు. అన్నం సయించేది కాదు. మిరపకాయల తొడిమలు తీసే కూలికి పోయిన కూతురు కల్లం నుంచి వచ్చే వేళకు, ఆమె ముఖం చూడలేక బజారుకు పోయేవాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఖుర్షిదా అటకెక్కి ఆ మూట దించింది.

"పద నాన్నా, టీచరమ్మగారింటికి. ఆ పాట నేను వినాలి."

"వద్దు తల్లీ. దాని పేరెత్తకు."

"వినాల్సిందే."

దేవకుమారి రికార్డు వేసి, ఆపి ఆపి అర్థం చెప్పింది. పాడే ఆమె పోతున్నవాణ్ణి నిలబెట్టి అడుగుతోంది, నేనేం తక్కువ చేశాను, నా ముఖం చూసి చెప్పి పో, అని. ఖుర్షిదా మిరప ఘాటుకు మండే చేతులు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా విన్నది.

"ఈమె ఏడవట్లేదు నాన్నా," అంది చివరికి. "అడుగుతోంది. నన్ను ఎవరన్నా అడగనిచ్చారా? ఆరోజు నువ్వూ నోరెత్తలేదు."

సిలార్ తల వంచుకున్నాడు. తప్పు ఎవరిదో అతనికి తెలియక కాదు. పాట మీదకు నెట్టేసి ఇన్నాళ్ళూ దాని చాటున దాక్కున్నాడు.

"నా కాపురం చెడగొట్టింది వాడు, పాట కాదు. వాయించు నాన్నా. నువ్వు మార్చినట్టు కాదు, ఆమె పాడినట్టు."

మూట విప్పాడు. క్లారినెట్ మూతి దగ్గర ఎండిపోయిన రీడు పుల్లను నాలుకతో తడిపాడు. మొదటి రెండు స్వరాలు పగిలాయి. పదేళ్ళుగా వంచుతూ వచ్చిన చోటు రానే వచ్చింది. ఈసారి వంచలేదు. గుండెలో ఉన్న ఊపిరంతా పెట్టి పైకెక్కించాడు.

ఆపేసరికి అతని చెంపలు తడిసిపోయాయి. ఖుర్షిదా కళ్ళు పొడిగానే ఉన్నాయి. లేచి వెళ్ళి వీధి తలుపు బార్లా తెరిచింది.

"ఇంకోసారి వాయించు నాన్నా," అంది. "బయటికి వినపడాలి."