బారాసింగా ఎండాకులు

దబీర్‌పురాలో మా ఇంటి వెనక పెరటికి మూడు వైపులా గోడలే. పొద్దున రెండు గంటలు తప్ప ఎండ పడదు. ఆ చోట గులాబీ బతకలేదు, మల్లె పూయలేదు. రిటైరైన రెండో ఏడు, పక్షిగూడులా గుండ్రంగా ఆకులు పరిచిన ఒక ఫెర్న్‌ను నర్సరీలో చూసి తెచ్చాను. అది బతికింది. అప్పటి నుంచి చెట్ల మీద పెరిగే ఫెర్న్‌లే పెంచుతున్నాను. ఇవి మట్టి అడగవు. అడవిలో చెట్టు కొమ్మను పట్టుకుని ఉంటాయి గాని బదనికలాగా చెట్టును పీల్చవు. వాన నీళ్లు, రాలిన ఆకుల పొడి చాలు. మా ఇంట్లో చెట్టు లేదు కాబట్టి వాటికి పాత చెక్క ముక్కలు, కొబ్బరి పీచు ఇస్తాను.

నేను రైల్వేలో పట్టాల తనిఖీ పని చేశాను. ముప్పై ఏళ్ల పైన పట్టా వెంబడి నడిచి, వదులైన బోల్టు కనబడితే అక్కడే బిగించి, ఇంటికొచ్చి డైరీలో రాసుకునేవాణ్ణి. మొక్కల విషయంలోనూ అంతే. ఏ చెక్కను ఏ రోజు నీళ్లలో ముంచిందీ, కొత్త ఆకు ఎప్పుడు విప్పుకున్నదీ రాస్తాను. నల్లా నీళ్లు బకెట్లో ఒక రోజు నిలవుంచి, మందు వాసన పోయాకే వాడతాను.

పోయిన మార్చిలో పక్కింటి ఆపా, అంటే అక్క, నన్ను పిలిచింది. ఆమె బడిలో లెక్కలు చెప్పి రిటైరైంది, నాకంటే నాలుగేళ్లు పెద్ద. మోకాలి ఆపరేషన్ కోసం చాంద్రాయణగుట్టలో కూతురింటికి పోతోంది. వాకిట్లో ఇనప కొక్కేనికి వేలాడుతున్న చెక్క చూపించింది. దాని మీద దుప్పి కొమ్ముల్లా చీలిన ఆకుల ఫెర్న్. ఆమె ఇంట్లో దాన్ని బారాసింగా, అంటే పన్నెండు కొమ్ముల దుప్పి, అంటారు.

"భాయ్, ఇది మా అమ్మీ చేతిది. మా ముగ్గురు అక్కచెల్లెళ్లకు మూడు పిలకలు ఇచ్చింది. వాళ్లిద్దరివీ పోయినై. ఇదొక్కటే ఉంది. నేను వచ్చేదాకా మీ దగ్గర అమానత్."

అమానత్ అంటే ఏమిటో మా గల్లీలో ఎవరికీ చెప్పక్కరలేదు. ఒకరు నమ్మి దాచమన్న వస్తువును ఇచ్చింది ఇచ్చినట్టు తిరిగి అప్పగించాలి.

"ఫికర్ చేయకండి ఆపా" అన్నాను.

మూడో ఆదివారం తనిఖీలో నాకొక లోపం కనబడింది. కొమ్ముల మొదట్లో, చెక్కకు అతుక్కుని, అరచేతి వెడల్పు గుండ్రటి ఆకులున్నాయి. గోధుమ రంగుకు తిరిగి, పాత కాగితంలా గలగలలాడుతున్నాయి. నా ఫెర్న్‌లన్నిటికీ ఎండాకు తీసేస్తాను, వాటికి మంచిదే అయింది. ఈ రకం నేనెప్పుడూ పెంచలేదన్న సంగతి ఆ పూట తట్టలేదు. కత్తెరతో కొన్ని, వేళ్లతో కొన్ని, నాలుగు పొరలూ ఊడదీసి ఎండాకుల గోనెసంచిలో వేశాను. డైరీలో 'శుభ్రం చేశాను' అని రాశాను.

పది రోజులకు కొమ్ములు వాలిపోయాయి. నీళ్లు పెంచాను, ఇంకా వాలాయి. ఎండ దెబ్బేమోనని చుట్టూ తడి గుడ్డ కట్టాను. ఒక కొమ్ము కొస నుంచి నల్లబడి రాలిపోయింది. డైరీ వెనక్కి తిప్పితే, ఆ మొక్కకు నేను మామూలుగా కాక కొత్తగా చేసిన పని ఒక్కటే కనబడింది.

ఫోనులో ఫోటో తీసుకుని నర్సరీకి పోయాను. నర్సరీ అతను చూసి, "చాచా, మొదట్ల డాలు లెక్క అతుక్కునుండే డాలాకులు ఏవి?" అన్నాడు.

"ఎండినయని తీసిన."

"తీసిన్రా! అవి చచ్చినంక గూడ డ్యూటీ చేసే ఆకులు చాచా. వేర్లకు అవే కప్పు, తడి పట్టేది గూడ అవే. ఇంటి కప్పు పీకేసి లోపల నీళ్లు చల్లుతున్నరు."

నా ముఖం చూసి మెత్తబడ్డాడు. "గిదే సైజుది నా దగ్గరుంది. మీ పాత చెక్కకే కట్టిస్త. మొక్కకేమన్న ఆధార్ కార్డు ఉంటదా?"

తెచ్చి చేతిలో పెట్టాడు. నిజంగానే అదే సైజు, అదే చీలిక. కాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాను. ఆపా తల్లి దాన్ని ముట్టలేదు. తిరిగి ఇచ్చేశాను.

ఇంట్లో మా ఆవిడ, "మరి ఆమెకు ఏం చెప్తవ్?" అంది.

"చేసింది చెప్త."

"చెప్పు. గాని చెప్పులు విడవకుండ గుమ్మంలనే నిలబడి చెప్పు. ఉరకనీకి సులువైతది. ఎట్లయినా ఆమె మోకాలు బాగలేదు, తరమలేదు."

మర్నాడు బస్సెక్కి చాంద్రాయణగుట్ట పోయాను. ఆపా కాలు చాపి దివాను మీద కూర్చుని ఉంది. కుశలం అడిగి, జరిగిందంతా వరుసగా చెప్పాను. కూతురు తెచ్చిన చాయ్ ఇద్దరి ముందూ చల్లారింది.

"నడుమ మొగ్గ ఉందా?"

"ఉంది."

"మెత్తగుందా, గట్టిగుందా?"

"ముట్టలేదు ఆపా."

"గిప్పుడు ముట్టలేదంట!" అంది కూతురి వైపు తిరిగి. మళ్లీ నాతో, "తీసిన ఆకులు పారేసిన్రా?"

"సంచిలో ఉన్నయి."

"అయితే తీసి మళ్ల కట్టండి. ముందు నానబెట్టండి. వేర్ల మీద తడి పీచు, దాని మీద ఆకులు. నూలు దారమే, నైలాన్ వద్దు. మొగ్గ మీద పడొద్దు."

"బతకకపోతే?"

"ఇక్కడికొచ్చి చెప్పండి. ఫోన్ల వద్దు."

గోనెసంచి పెరట్లో బోర్లించి, ఏరి, కత్తెర పడిన అంచులు ఒకదానికొకటి కలిపి చూసుకుంటూ నాలుగు పొరలు పేర్చాను. చచ్చిన ఆకులను బతికిన మొక్కకు కడుతుంటే మా ఆవిడ దారం పట్టుకుంది. మే నెలలో ఇంకో రెండు కొమ్ములు పోయాయి. మొగ్గ మాత్రం నల్లబడలేదు. జూన్‌లో వానలు మొదలయ్యాక మొగ్గ పక్కన గోరంత పచ్చటి బిళ్ల, కొత్త డాలాకు, లేచింది. వారం వారం పెరిగి, నేను కట్టిన ఎండాకుల మీదికి పాకింది. అది అరచేతంత అయ్యాక మళ్లీ బస్సెక్కి పోయి చెప్పాను.

ఆగస్టులో ఆపా చేతికర్రతో తిరిగొచ్చింది. మా పెరట్లో చెక్క ముందు నిలబడి కొమ్ములు లెక్కపెట్టింది. ఏడు ఇచ్చింది, నాలుగున్నాయి.

"చిక్కిపోయింది" అంది. చెక్కను నాచేతే మోయించుకుని తన వాకిట్లో కొక్కేనికి వేయించుకుంది.

నానిన చెక్క బరువు. మోకాలు వంచి దాన్ని ఎత్తడం ఆమెకు ఇక కుదరదు. "శుక్రవారం శుక్రవారం మీరే వచ్చి ముంచాలె" అంది.

"నా మీద నమ్మకముందా ఆపా?"

"మీ మీద ఉంది. మీ వేళ్ల మీదనే లేదు. నేను పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంట."

అలాగే జరుగుతోంది. బుడగలు ఆగేదాకా చెక్కను టబ్బులో ఉంచి, నీళ్లు ఓడ్చి, కొక్కేనికి తగిలిస్తాను. కొత్త డాలాకు అంచు ఈ నెల గోధుమ రంగుకు తిరుగుతోంది. ఆమె దాన్ని చూస్తుంది, తర్వాత నా చేతులను చూస్తుంది. నేను చెక్కను అటూ ఇటూ అంచులే పట్టుకుని ఎత్తుతాను.